కోడిపిల్లలను బయటికి విడుచుట ఎప్పుడు?

(మాదాపూర్‌లో చేసిన ప్రసంగపాఠము)



మాదాపూర్ అనగనే నేడు అందరికిని అద్దాల మేడలు జ్ఞప్తికి వచ్చును. 1998లో ఇచట సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది. అంతకు పూర్వము దుర్గం చెరువు చెంతనున్న ఈ ప్రదేశము ఒక పల్లె. పెరటిలో తల్లికోడియు, దాని వెంట పిల్లలును తిరుగుట పల్లెలకు కొత్త కాదు. పిల్లలను ఎప్పుడు బయటికి విడువవలెనని ఆనాడు ఎవరును అడుగలేదు. ఆ నిర్ణయము తల్లికోడిదే. చలి వేసినచో పిల్లలను రెక్కల క్రిందికి తీసికొనును. గద్ద నీడ పడినచో కేకవేసి హెచ్చరించును.

నేడు మనము కొనితెచ్చుకొను పిల్లలకు తల్లి లేదు. అవి యంత్రమున పొదుగబడి, ఒక్కరోజు వయస్సున అట్టపెట్టెలో మన యింటికి వచ్చుచున్నవి. కావున తల్లి చేయు నిర్ణయమును మనమే చేయవలసియున్నది.

ఇందు తొందరపడి నష్టపోయినవారిలో మేమును ఉన్నాము. ఒక ఏడు చలికాలమున, మూడు వారముల పిల్లలను ఇరువదింటిని, ఎండ బాగున్నదని పెరటిలో విడిచితిమి. పగలెల్ల అవి హాయిగా తిరిగినవి. సాయంకాలము గూటికి చేర్చి, ఇక దీపము అక్కరలేదని ఆర్పివేసితిమి. తెల్లవారునప్పటికి పిల్లలన్నియు ఒక మూలకు చేరి, ఒకదానిపై ఒకటి పడియున్నవి. అడుగున నున్న పదునొకటి ఊపిరాడక చనిపోయినవి. మేము పగటి ఎండను చూచితిమి గాని, రాత్రి చలిని తలపోయలేదు.

కోడిపిల్ల నూగుతో పుట్టును. నూగు చలిని ఆపజాలదు. అందుచేత మొదటి వారమున పిల్ల యున్నచోట 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడి ఉండవలెను. పిదప వారమునకు సుమారు మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుచు, ఆరవ వారమునకు 21 డిగ్రీల వరకు తేవచ్చును. అప్పటికి మెడ, వీపు, రొమ్ము అంతటను ఈకలు నిండును. 1988లో హైదరాబాదున నెలకొల్పబడి రాజేంద్రనగర్‌లో పనిచేయుచున్న కోళ్ళ పరిశోధన సంస్థ, వనరాజా, గ్రామప్రియ అను పెరటి జాతులను రూపొందించినది. ఈ జాతుల పిల్లలను సైతము సుమారు ఆరు వారములు వెచ్చని గదిలో పెంచిన పిదపనే పెరటిలో విడుచుట పద్ధతి.

అయినను వారముల లెక్క ఒక్కటే చాలదు. పిల్లలనే అడుగవలెను. దీపము క్రింద గుమిగూడి అరచుచున్నచో వానికి చలి. దూరముగా పోయి నోరు తెరచి రొప్పుచున్నచో వేడి ఎక్కువ. గదియంతట చెదరి నిద్రించుచున్నచో సుఖముగా నున్నవి. ఈకలు నిండిన పిదప, ముందుగా గదిలోనే రాత్రి దీపము ఆర్పి చూడవలెను. మూడు నాలుగు రాత్రులు గుంపుగూడక నిద్రించినచో, బయటికి విడుచుటకు తగినవని గ్రహింపవచ్చును. ఒక హెచ్చరిక: ఎల్.ఇ.డి. బల్బు వెలుగు నిచ్చును గాని, పిల్లలకు చాలినంత వేడినియ్యదు.

ఋతువును కూడ గమనింపవలెను. మన ప్రాంతమున డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీలకును, ఒక్కొక్కప్పుడు అంతకు దిగువకును చల్లబడును. అప్పుడు మరియొక వారము ఆగుట మేలు. మే నెలలో నీడయు, చల్లని నీరును లేనిచోట విడువరాదు. వానకాలమున తడినేలపై తిరుగు పిల్లలకు రక్తపారుడు వ్యాధి సోకును, పొడినేల చూచుకొనవలెను.

కొక్కెర తెగులునకు మొదటి వారమున లసోటా చుక్కలు వేయించి, ఎనిమిదవ వారమున ఆర్‌2బి సూది వేయింపవలెను. మిగిలిన టీకాల విషయము పశువైద్యుని అడిగి తెలిసికొనుడు. టీకా పడని పిల్లలను ఊరికోళ్ళలో కలుపుట ప్రమాదము.

విడుచుటలో సైతము తొందర పనికిరాదు. మొదటి దినమున ఎండ కాచిన పిదప ఒక గంట, మరునాడు రెండు గంటలు, ఇట్లు ఒక వారములో అలవాటు చేయవలెను. తొలిదినములలో వల కప్పిన ఆవరణ మంచిది. అరకిలో తూగు పిల్లను కాకి ఎత్తుకొనిపోజాలదు. కాని పిల్లి, ముంగిస, కుక్కల భయము అప్పటికిని తీరదు. కావున ప్రొద్దు క్రుంకకముందే లెక్కించి, గూటిలో చేర్చి తలుపు వేయవలెను.

పెరటికోళ్ళ గ్రుడ్లు బిడ్డలకు బలము. వానిపై వచ్చు డబ్బు చాల ఇండ్లలో తల్లుల చేతి ఆధారము. ఒక వారము ఆగినందున పోవునది కొంత మేత మాత్రమే. ఒక్కరాత్రి తొందరపడినందున పోవునది ఏమో మేము చూచితిమి. పగటి ఎండను చూచి గాక, రాత్రి చలిని తలచి పిల్లలను బయటికి విడువవలెనని మా మనవి.