పూలకూజాకు తాళమెందుకు?



ముందుగా మిమ్మల్నొక ప్రశ్న అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో గాజు పూలకూజా, అదే, మనమందరం ఫ్లవర్‌వాజ్ అంటామే, అది ఇప్పుడు ఎక్కడుంది? చాలామంది చెప్పే జవాబు నాకు తెలుసు. హాల్లో అద్దాల బీరువాలో, పై అరలో, కొండపల్లి బొమ్మలకూ పిల్లలు బళ్ళో గెలుచుకొచ్చిన కప్పులకూ మధ్యన ఉంది. పెళ్ళిలో ఎవరో చదివించారు. మహా అయితే అందులో నాలుగు ప్లాస్టిక్ పూలు ఉంటాయి. వాటిమీద దుమ్ము ఉంటుంది. మరి అందులో నిజం పువ్వు పెట్టి ఎన్నాళ్ళయింది? అసలెప్పుడైనా పెట్టారా?

ఇదంతా ఈవిడకెలా తెలుసంటారా? మా ఇంట్లోనూ అలాంటిదే ఒకటి ఉండేది గనక. నా పెళ్ళికి మా పిన్ని చదివించిన కట్‌గ్లాస్ కూజా అది. ఎండ పడితే గోడమీద ఇంద్రధనుస్సు పరిచేది. పగులుతుందన్న భయంతో పదకొండేళ్ళు దాన్ని బీరువాలోనే ఉంచాను. పండక్కి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టి తాళం వేసేదాన్ని. అప్పటికి మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఒకనాటి మధ్యాహ్నం నేను కునుకు తీస్తూ ఉంటే, తాళంచెవి ఎక్కడ దాస్తానో కనిపెట్టిన పిల్ల కూజాను బయటికి తీసింది. నీళ్ళు పోసింది. పెరట్లో నందివర్ధనం కొమ్మలు మూడు తుంచి అందులో పెట్టింది. నేను లేచేసరికి నా మంచం పక్కన ఉంచాలని తెస్తూంటే, తడి చేతుల్లోంచి జారిపోయింది. నేను చప్పుడికి లేచి వచ్చి, ముందూ వెనకా చూడకుండా పిల్ల వీపుమీద రెండు వడ్డించాను. తరవాత పెంకులు ఏరడానికి వంగినప్పుడు గదా కనిపించింది, ఆ నీళ్ళలో, గాజుముక్కల మధ్య, మూడు తెల్లపూల కొమ్మలు! పదకొండేళ్ళలో ఆ కూజానూ పువ్వునూ నేను ఒకచోట చూసింది ఆ ఒక్కసారే. అదీ నేలమీద.

ఆనాడు నాకొక సంగతి బోధపడింది. పగులుతుందని దాచిపెట్టిన వస్తువు ఇంటికి అలంకారం కాదు, ఇల్లాలికి బెంగ. ఈవేళ మీతో చెప్పదలచుకున్నది ఇదే.

నిజానికి మనకూ గాజుకూ చుట్టరికం కొత్తది కాదు. చేతికి వేసుకునే దానికీ, అది తయారయ్యే పదార్థానికీ మన భాషలో ఒకటే పేరు. చేతినిండా గాజులు వేసుకుని అంట్లు తోముతాం, పిండి రుబ్బుతాం, పిల్లల్ని ఎత్తుకుంటాం. పగులుతాయేమోనని తీసి బీరువాలో పెడుతున్నామా? మరి పూలకూజా దగ్గరికి వచ్చేసరికి ఎందుకింత పిరికితనం?

గాజు స్వభావం కాస్త తెలిస్తే ఆ భయం సగం పోతుంది. ఇసక, సోడా, సున్నపురాయి కలిపి సుమారు 1,500 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమీద కరిగిస్తే మామూలు గాజు తయారవుతుంది. మన గాజులకు పేరుపడ్డ ఫిరోజాబాదులోనైనా, ఎక్కడైనా మూలం ఇదే. చేసిన వస్తువును ఒక్కసారిగా చల్లార్చకూడదు. ప్రత్యేకమైన కొలిమిలో ఉంచి మెల్లమెల్లగా చల్లారనివ్వాలి. లేకపోతే పైభాగం ముందు బిగిసి, లోపలిభాగం తరవాత బిగిసి, లోలోపల ఒత్తిడి మిగిలిపోతుంది. అలాంటి గాజు ముట్టుకోకుండానే చిట్లుతుంది.

ఇందులో మనకో పాఠం ఉంది. గాజును పగలగొట్టేది దెబ్బ ఒక్కటే కాదు, వేడి మార్పు కూడా. మురికి పోతుందని మందపాటి కూజాలో సలసల మరిగే నీళ్ళు పోస్తాం. లోపలివైపు వేడెక్కి వ్యాకోచిస్తుంది. బయటివైపు ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ రెంటి మధ్యా లాగుడుకి టప్పున బీట తీస్తుంది. మందంగా ఉంది, గట్టిది అనుకోకండి. ఈ విషయంలో పల్చని గాజుకన్న మందపు గాజే ముందు చిట్లుతుంది. గోరువెచ్చని నీళ్ళు చాలు.

ఇక కట్‌గ్లాస్, క్రిస్టల్ అని ఖరీదైన రకాలున్నాయి. 1670లలో ఇంగ్లండులో జార్జి రావెన్స్‌క్రాఫ్ట్ అనే ఆయన గాజులో సీసం కలిపి చేసే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. సీసం కలిసిన గాజు బరువుగా ఉంటుంది, వజ్రంలా మెరుస్తుంది, వేలితో మీటితే గంటలా మోగుతుంది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పూలకు నిక్షేపంగా వాడుకోండి. అందులో నిమ్మరసం, పచ్చడి వంటివి మాత్రం నిలవ పెట్టకండి. పులుపుకి సీసం కరిగి తిండిలోకి దిగుతుంది.

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్ళకు అక్కడి గాజు సామాను గుర్తుండే ఉంటుంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ సేకరించిన సంపద అది. 1951లో ఆయన దివాన్ దేవిడీలో ప్రదర్శనకు పెట్టారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. వెనిస్ గాజు, బొహీమియా గాజు, ఇంగ్లీషు గాజు, ఎన్ని రంగులు, ఎన్ని నగిషీలు! వెనిస్ వాళ్ళయితే, కొలుముల వల్ల ఊరు అంటుకుంటుందని భయపడి 1291లో గాజు పనివాళ్ళందరినీ మురానో అనే పక్క ద్వీపానికి పంపించారు. అంత చరిత్ర ఉన్న వస్తువులకు అద్దాల బీరువా కావలసిందే, తాళం కావలసిందే. కాని మన ఇల్లు మ్యూజియం కాదు గదా! మ్యూజియంలో వస్తువును చూడటానికి వెళతాం. ఇంట్లో వస్తువుతో కలిసి బతుకుతాం.

అందుచేత కూజా కొనేటప్పుడు, “ఇది పగిలితే నేను ఏడుస్తానా?” అని ప్రశ్నించుకోండి. ఏడుస్తాననిపిస్తే అది కొనకండి. అసలు కొననే అక్కర్లేదు. ఖాళీ అయిన కాఫీపొడి సీసా, జామ్ సీసా, పచ్చడి సీసా వంటగదిలో ఉండనే ఉంటాయి. చీటీని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఒలిచేయండి. జిగురు మిగిలితే కొంచెం వంటనూనె రాసి, కాసేపాగి రుద్దితే వచ్చేస్తుంది. తరవాత సబ్బుతో కడిగితే మీకు పూలకూజా సిద్ధం. మూడు సైజుల సీసాలు పక్కపక్కన కిటికీలో పెట్టి, ఒక్కోదానిలో ఒక్కో కొమ్మ పెట్టి చూడండి. ఖరీదైన కూజాకు ఏమీ తీసిపోదు.

మెడ సన్నగా ఉన్న కూజాకు ఒకటో రెండో కాడలు చాలు. ఒక గులాబీ, ఒక లిల్లీ కాడ, అంతే. మూతి వెడల్పుగా ఉన్నదానిలో నాలుగు పువ్వులు వేస్తే నాలుగు దిక్కులకూ వాలిపోతాయి. దానికి చామంతుల్లాంటివి గుత్తంగా కావాలి, లేదా అడుగున ఏటి గులకరాళ్ళు పోసి కాడలు వాటిలో గుచ్చాలి. రాళ్ళ బరువువల్ల ఫ్యాను గాలికి కూజా దొర్లిపోకుండా ఉంటుంది కూడా. సాధారణంగా కూజా ఎత్తుకు ఒకటిన్నర రెట్లు పూలు పైకి ఉంటే చూడటానికి ఒద్దికగా ఉంటుంది. అంటే కూజా 8 అంగుళాలయితే, అంచు పైన పూలకాడలు 12 అంగుళాలన్నమాట. భోజనాల బల్లమీద పెట్టేది మాత్రం పొట్టిగా ఉండాలి. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం కనబడకపోతే ఆ పూలెందుకు?

అన్ని పూలూ కూజాలో నిలవవు. మన బజారులో లిల్లీ అని అమ్మే రజనీగంధ, గ్లాడియోలస్ కింది మొగ్గనుంచి పైకి వరసగా విచ్చుకుంటూ పోతాయి గనక కొన్నాళ్ళు ఉంటాయి. వాడిన కింది పూలు గిల్లేస్తూ ఉండండి. చామంతీ, బంతీ కూడా బాగా నిలుస్తాయి. మందారం సాధారణంగా ఒక్కరోజు పువ్వు. దాన్ని తిట్టుకోకుండా ఒక్కరోజు చూసి సంతోషించాలి. పువ్వులు దొరకని రోజున నాలుగు క్రోటను ఆకులు, ఒక వేపరెమ్మ కూడా గాజులో ఎంతో చల్లగా కనిపిస్తాయి. గన్నేరు మాత్రం వద్దు. అది విషపు మొక్క. చిన్నపిల్లలున్న ఇంట్లో దాని కాడ మునిగిన నీళ్ళు కూడా ప్రమాదమే.

గాజు కూజాకు, ఇత్తడి చెంబుకు తేడా ఒకటుంది. చెంబులో నీళ్ళు ఎలా ఉన్నా ఎవరికీ కనబడదు. గాజులో కాడలూ నీళ్ళూ కూడా అలంకారంలో భాగమే. అంచేత నీళ్ళలో మునిగే ఆకులన్నీ దూసేయండి. అవే ముందు కుళ్ళేవి. కాడ చివర పదునైన కత్తితో ఏటవాలుగా కొయ్యండి. అప్పుడు కాడ కూజా అడుక్కి అతుక్కుపోకుండా నీళ్ళు బాగా పీలుస్తుంది. రోజూ నీళ్ళు మార్చి, కాడను మరికాస్త కొయ్యండి. నీళ్ళలో పంచదార వేస్తే పూలు నిలుస్తాయని కొందరంటారు. వట్టి పంచదార వేస్తే క్రిములకు విందు చేసినట్టే, నీళ్ళు ఇంకా త్వరగా పాడవుతాయి. మంచి నీళ్ళను మించిన మందు లేదు. మరొక మాట. పండిన అరటిపళ్ళ గెల పక్కన పూలకూజా పెట్టకండి. పళ్ళు పండేటప్పుడు వెలువడే ఎథిలీన్ అనే వాయువు కొన్ని రకాల పూలను తొందరగా వాడిపోయేలా చేస్తుంది.

ఇక్కడ ఒక్క విషయం మనసు పెట్టి వినండి. సీసాలో నీళ్ళు పోసి మనీప్లాంటు తీగ పెట్టని ఇల్లు అరుదు. అది చావదు గదా అని నెలల తరబడి ఆ నీళ్ళ జోలికి పోం. డెంగీ జ్వరాన్ని మోసుకొచ్చే ఏడిస్ దోమకు కావలసింది సరిగ్గా అదే, ఇంట్లో కదలకుండా నిలిచిన నీళ్ళు. అది నీటి అంచుకి కాస్త పైన, సీసా గోడకు గుడ్లు అంటిస్తుంది. మన వేడికి వారం పది రోజుల్లో ఆ గుడ్లు దోమలై ఎగిరిపోతాయి. నీళ్ళు పారబోస్తే చాలదు. ఆ గుడ్లు నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి వారానికొకసారి సీసా లోపలి గోడను బ్రష్షుతో గట్టిగా రుద్ది కడగాలి. బ్రష్షు దూరని సన్నమెడ కూజా అయితే గుప్పెడు బియ్యమూ కుంకుడురసమూ పోసి బాగా గిలకరించండి. మురికి ఊడి వస్తుంది. బోరునీళ్ళ తెల్లచారలు పడితే నిమ్మరసంగాని వెనిగర్‌గాని పోసి కాసేపు ఉంచి కడిగేయండి.

కూజా ఎక్కడ పెట్టాలి? గాజుకు ప్రాణం వెలుతురు. చీకటి మూల పెడితే అది ఉన్నా లేనట్టే. వెనకనుంచి వెలుతురు వచ్చేచోట, కిటికీకి కొంచెం ఇవతల పెట్టండి. సూటిగా ఎండ పడేచోట మాత్రం వద్దు. నీళ్ళు త్వరగా పాకుడు పడతాయి, పైగా నీళ్ళు నిండిన గుండ్రటి గాజు భూతద్దంలా పనిచేసి కర్టెను కూడా అంటుకోవచ్చు. బల్ల అంచున పెట్టకండి, మధ్యకు జరపండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒకనాడు పగలవచ్చు. పగిలితే ముందు పిల్లల్ని, చెప్పులు లేనివాళ్ళని దూరంగా ఉంచండి. పెద్ద ముక్కలు మందపాటి గుడ్డతో ఏరి, నలుసుల్ని తడి కాగితంతో అద్ది తీయండి. అన్నీ కలిపి నాలుగు మడతల కాగితంలో చుట్టి, పైన ‘గాజు’ అని రాసి విడిగా ఇవ్వండి. మన చెత్త ఎత్తే మనిషికీ చేతులున్నాయి గదా! కోప్పడటమంటారా, అది అన్నిటికంటే చివరికి వాయిదా వేయండి. అప్పటికి చాలాసార్లు అవసరముండదు.

మా ఇంట్లో ఆ కట్‌గ్లాస్ కూజా స్థానంలోకి మరొకటి రాలేదు. మర్నాడు ఒక జామ్ సీసా కడిగి, నందివర్ధనం కొమ్మలు మూడు కోసి మా అమ్మాయి చేతికిచ్చాను. చాలాసేపు నాకేసి చూసి, రెండు చేతులా పట్టుకుని తీసుకువెళ్ళి నా మంచం పక్కన పెట్టింది. తరవాత అలాంటి సీసాలు మూడో నాలుగో పగిలాయి. పువ్వులు మాత్రం మానలేదు.

మీ బీరువా తాళంచెవి ఎక్కడుందో మీకు తెలుసు. ఈ సాయంత్రమే ఆ కూజాను బయటికి తీసి, కడిగి, నీళ్ళు పోసి, ఒక్క పువ్వయినా పెట్టండి. వీలైతే మీ పిల్లల చేత పెట్టించండి.