మాటకున్న బలము: ఇంగ్లీషు తరగతి నేర్పిన పాఠము



ఈ శతజయంతి సమయమున ఉపాధ్యాయులమైన మమ్మును కూడ నాలుగు మాటలు చెప్పుమన్నారు. మేము ఏండ్ల తరబడి హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పినవారము. మాకు తెలిసిన సంగతినే మీ యెదుట ఉంచుచున్నాము.

పరీక్షలకు ముందు పునశ్చరణ దినములలో నల్లబల్ల మీద ఒక పట్టిక వ్రాసెడివారము. సిమిలీ అనగా ఉపమ, మెటఫర్ అనగా రూపకము, అలిటరేషన్ అనగా అనుప్రాస, హైపర్బొలీ అనగా అతిశయోక్తి. వీటితోపాటు జవాబు కోరని ప్రశ్న, ఒకే మాటను మరల మరల పలుకుట. పిల్లలు వీటిని కంఠస్థము చేసి, పేరాలో ఎక్కడ ఉన్నవో గీత గీసి మార్కులు తెచ్చుకొనెడివారు. అంతటితో మా పని తీరినదని తలచితిమి.

ఒక యేడు మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగమును తీసికొంటిమి. ఆయన బాప్టిస్టు పాస్టరు. 1963 ఆగస్టు 28న వాషింగ్టనులో, లింకన్ స్మారక మందిరము నొద్ద, సుమారు 2,50,000 మంది యెదుట మాటలాడెను. లింకన్ 1863లో బానిసల విడుదలను ప్రకటించి అప్పటికి 100 ఏండ్లు. దేశ స్థాపకులు చేసిన వాగ్దానము నల్లవారి చేతికి వచ్చుసరికి బ్యాంకులో చెల్లని చెక్కు అయినదని ఆయన పోల్చెను. ఇది రూపకము. ఆమోసు, యెషయా ప్రవక్తల మాటలను అందుకొనెను. తన కలను మరల మరల చెప్పెను. అయితే ద్వేషమునకు లోబడవద్దని తన వారినే హెచ్చరించెను. ఇది వారికి రుచించు మాట కాదు, అయినను చెప్పెను.

పాఠము ముగియగానే వెనుక బెంచీలోని ఒక అమ్మాయి లేచినది. "సార్, మొన్న మా ఊరికి ఒక ఏజెంటు వచ్చాడండి. గల్ఫులో ఉద్యోగమన్నాడు. ఆయన కూడా ఇట్లాగే కల చూపించాడు, చెప్పిందే పదిసార్లు చెప్పాడు. మా నాన్న అప్పుచేసి డబ్బు కట్టాడు. తేడా ఎట్లా తెలుస్తుందండీ?" అని అడిగినది.

మా పట్టికలో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

మరునాడు రెండు కథలు చెప్పుకొంటిమి. ఆదికాండములో సర్పము హవ్వను మోసగించుట ఒక ప్రశ్నతోనే ఆరంభించెను. నాతాను ప్రవక్త దావీదును గద్దించుట ఒక గొఱ్ఱెపిల్ల కథతో ఆరంభించెను. ఇద్దరికిని నేర్పున్నది. అయితే నాతాను కథ చివర రాజు ముఖము మీదనే సత్యమును విప్పి చెప్పెను. దానివలన తనకు లాభము లేదు, ప్రాణమునకే అపాయము. సర్పము దాచవలసినది దాచెను. నష్టము విన్నవారికి మిగిలెను.

అప్పటినుండి పిల్లలు అలంకారము పేరు ప్రక్కన మూడు ప్రశ్నలు వ్రాసెడివారు. చెప్పువానికి లాభమేమి? చెప్పక విడిచినదేమి? ఆలోచించుటకు మనకు సమయమిచ్చుచున్నాడా, తొందరపెట్టుచున్నాడా? బెరయ వారు పౌలు చెప్పినదానిని సయితము లేఖనములలో పరిశోధించి చూచిరి. అందుకు వారు ఘనులనబడిరి గాని అవిశ్వాసులనబడలేదు.

ఆ తండ్రి డబ్బు తిరిగి రాలేదు. అయితే ఆ అమ్మాయి ప్రశ్న అనేకులకు మేలు చేసినది. మొదట మాకే మేలు చేసినది. చందా అడుగునప్పుడు కన్నీరు తెప్పించుటకై జరిగిన సంగతిని కొంచెము పెంచి చెప్పిన సందర్భములు మాకును కలవు. కార్యము మంచిదే, పెంచిన భాగము మాత్రము అబద్ధమే. బోధపీఠమునకు ఒక కొలత, బజారుకు ఒక కొలత ఉండరాదు.

నేడు మోసపు మాట ఊరికి రానక్కరలేదు. ఫోనులోనే ఇంటిలోనికి వచ్చుచున్నది. గనుక తల్లిదండ్రులారా, సండేస్కూలు ఉపాధ్యాయులారా, మన పిల్లలకు చక్కగా మాటలాడుట నేర్పుదము. దానికంటె ముందు, విన్నదానిని తూచి చూచుట నేర్పుదము. పిల్ల లేచి ప్రశ్న అడిగినప్పుడు కూర్చోమనకుందము.

సత్యమును ప్రేమతో పలుకు కృపను ప్రభువు మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.