యుద్ధమును గృహమును
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను గురుముఖమున శాస్త్రములు చదివినవాడను గాను. గ్రామ లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల ఈ గ్రంథాలయమునందలి భారతమును నాకు నేనే చదువుకొన్నవాడను. దోషము లున్నచో పెద్దలు మన్నింతురు గాక.

భారతయుద్ధము పదునెనిమిది దినములలో ముగిసెను. ఇండ్లలోని యుద్ధము మాత్రము ముగియలేదు. స్త్రీపర్వమున, కొడుకులను గోల్పోయిన గాంధారి, తనవలెనే కొడుకులను గోల్పోయిన ద్రౌపదిని ఓదార్చును. పక్షములు వేరైనను దుఃఖ మొక్కటే యని ఆమె యెఱిగెను. ఆ పర్వము చివరనే, తర్పణముల వేళ, కర్ణుడు తన పెద్దకొడుకని కుంతి బయటపెట్టును. ముందే తెలిసియుండినచో ఇంత నాశము జరుగకపోవునని ధర్మరాజు కుములును. ఇంటిలో దాచిన మాట ఎంత పని చేయునో చూడుడు.

ఇది పురాతన గాథ యని తోసివేయరాదు. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడెను. 1942 మార్చి 8న ఆ నగరము వారి వశమయ్యెను. అచ్చటి రేవులోను, బియ్యపు మిల్లులలోను కూలి చేసికొనుచుండిన మన కోస్తా జిల్లాలవారు వేలకొలది ఇంటిముఖము పట్టిరి. ఓడ దొరకనివారు అరకాను కొండల మీదుగను, మణిపురము దారినను నడచిరి. కలరా, మలేరియా, ఆకలి వేలమందిని త్రోవలోనే బలిగొనెను. ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపైనను బాంబులు పడెను.

ఆనాటి సంగతి యొకటి మా తాతగారు నాకు చెప్పిరి. రంగూను వెళ్లిన యొక చిన్నకొడుకు కొండదారిలో కలరాతో పోయెను. తోడివాడు తిరిగివచ్చి ఆ మాట అన్నగారి చెవిని వేసెను. తల్లి తట్టుకొనలేదని తలచి, అన్న మా తాతగారిని బ్రతిమాలి, తమ్ముడు కలకత్తాలో పనికి కుదిరినట్లు జాబులు వ్రాయించెను. ఆరు నెలలు అట్లే గడచెను. ఒకనాడు జాబు చదువుచుండగా ఆ తల్లి అడ్డుపడి యిట్లనెను:

“కరణంగారూ! మావాడు నా మోకాలినొప్పి అడగకుండా జాబు వ్రాయడు బాబూ. రెండో జాబునాడే నాకు తెలిసింది. పెద్దాడి గుండె పగులుతుందని ఊరుకున్నాను. ఇక చాలు. కర్మకాండ జరిపించండి. నా కోడలు ఇంక వాకిట్లో జాబు కోసం నిలబడకూడదు.”

ఆనాడు ముగ్గురును ఒక్కచోట కూర్చుండి యేడ్చిరట. అంతవఱకు ఒకే కప్పుక్రింద ముగ్గురును వేఱువేఱుగా వేగుచుండిరి. “లెక్కలో తప్పు వ్రాసిన దిద్దవచ్చును, ఆ తల్లి యొంటరిగా మోసిన ఆరు నెలలను ఎట్లు దిద్దుదును?” అని మా తాతగారు తుదివఱకు బాధపడిరి.

యుద్ధమును ఆపుట మనబోటివారి చేతిలో లేదు. ఇంటివారికి నిజము చెప్పి, దుఃఖమును పంచుకొనుట మాత్రము మన చేతిలోనిదే. ఆ తల్లికి అక్షరము వచ్చియుండినచో ఆ జాబులు పుట్టెడివే కావు. మన ఆడబిడ్డలు తమ జాబులు తామే చదువుకొనునట్లు చేయుటకంటె ఈ గ్రంథాలయమునకు వేఱు రజతోత్సవ మేల?

సెలవు.