ఆ ఒక్క బ్యాండ్‌ను వదిలేయండి



ఈ రోజు పట్టాలు అందుకున్న ఇంజినీర్లారా, 1865లో మాక్స్‌వెల్ సమీకరణాలు ఏం చెప్పాయో, ఇరవై ఏళ్లు దాటాక హెర్ట్జ్ దాన్ని నిప్పురవ్వలతో ఎలా రుజువు చేశాడో మీరు పరీక్షల్లో రాసే ఉంటారు. గామా కిరణాల నుంచి రేడియో తరంగాల దాకా అన్నీ ఒకే జాతి. తేడా అంతా తరంగదైర్ఘ్యంలోనే. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ తరంగం ఒక్కొక్కటి సుమారు 358 మీటర్లు. మీ జేబులో బ్లూటూత్‌ది పన్నెండున్నర సెంటీమీటర్లు.

ఈ మహావర్ణపటంలో చాలా భాగాన్ని మన వాతావరణం కిందికి రానివ్వదు. అంతరిక్షంలోకి మనకు బాగా తెరుచుకున్న కిటికీలు రెండే: ఒకటి కంటికి కనిపించే కాంతి, రెండోది రేడియో. అందుకే రేడియో భాగమంటే నాకంత మక్కువ.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉంది. అక్కడి ఎం.ఎస్.టి. రాడార్‌ను చూడనివాళ్లు ఒకసారి చూసి రండి. 130 మీటర్ల చదరంలో 1024 యాగీ ఆంటెనాలు, ఒకప్పుడు మేడల మీద టీవీకి పెట్టుకున్నవాటి లాంటివే, వరుసల్లో నిలబడి ఉంటాయి. 53 మెగాహెర్ట్జ్ తరంగాన్ని అవి పైకి పంపుతాయి. మబ్బు తునక లేని రోజున కూడా, గాలిలో మూడు మీటర్లకు కాస్త తక్కువ ప్రమాణంలో ఉండే కల్లోలానికి తగిలి అందులో అతి స్వల్ప భాగం వెనక్కి వస్తుంది. పైన గాలి ఎటు, ఎంత వేగంతో కదులుతోందో ఆ ప్రతిధ్వని చెబుతుంది.

కొన్ని పరికరాలు ఏమీ పంపవు, వింటాయి అంతే. హైడ్రోజన్ పరమాణువు 1420 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో సంకేతం ఇస్తుందని 1944లో శాస్త్రవేత్త వాన్ డి హుల్స్ట్ లెక్కగట్టాడు. ఒంటరి పరమాణువు ఆ సంకేతం ఇవ్వడానికి సగటున కోటి ఏళ్లకు పైగా పడుతుంది. అయినా గెలాక్సీలో హైడ్రోజన్ అంత విస్తారంగా ఉంది కనుక, 1951లో ఈవెన్, పర్సెల్ హార్వర్డ్‌లో కిటికీ బయట బిగించిన హార్న్ ఆంటెనాతో దాన్ని విన్నారు. ధూళి మేఘాలు దాచిన మన పాలపుంత చేతుల రూపం ఆ సంకేతం వల్లే తెలిసింది. పుణె దగ్గర ఖోడద్ పరిసరాల్లో 45 మీటర్ల డిష్‌లు ముప్పై నేటికీ దాన్ని వింటున్నాయి. నేలలో తేమను కొలిచే ఉపగ్రహాలూ ఇదే బ్యాండ్‌లో చెవి పెడతాయి.

అందుకే 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ మధ్య ఎవరూ ప్రసారం చేయకూడదని అంతర్జాతీయ నియమం ఉంది. కానీ ఉల్లంఘన తెలియకుండానే జరగవచ్చు. 710 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే ట్రాన్స్‌మిటర్ రెండో హార్మోనిక్, అంటే దాని రెట్టింపు పౌనఃపున్యం, సరిగ్గా 1420 మీద పడుతుంది. మంచి ఫిల్టర్ ఉంటే ఆగిపోతుంది, లేకపోతే లేదు.

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఆస్తికి కాపలా రేపటి నుంచి మీది. ఖర్చు తగ్గించడానికి ఫిల్టర్ తీసేద్దామని ఎవరైనా అంటే, కుదరదని గట్టిగా చెప్పండి. మీరు సంతకం పెట్టే ప్రతి డిజైన్‌లో ఆ 27 మెగాహెర్ట్జ్‌ను ఖాళీగా ఉంచండి.