ఆకు మీద నిలువని బొట్టు

వాన వెలిసిన తరువాత పెరటిలోని చేమాకును చూచియుందురు. నీరు ముత్యములవలె దొర్లి జారిపోవునే గాని ఆకును తడుపదు. తామరాకుమీది నీటిబొట్టు వేదాంతులకు మంచి ఉపమానమే. కలుపుమందు చల్లించు రైతునకు మాత్రము అది నష్టము.

“తుంగమీద గ్లైఫోసేటు చల్లించితిని. వారము గడచినను పచ్చగానే ఉన్నది. ఈసారి బట్టల సబ్బు కలిపించవచ్చునా?” అని శ్రోత ఒకరు మాకు వ్రాసినారు. గడ్డలతో బలిసిన తుంగలో ఈ మందు ఫలితము కనబడుటకు రెండు వారములైనను పట్టవచ్చును, తొందర వలదు. ఇక సబ్బు మాట.

నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా ఆకర్షించుకొనును. అందుచే బొట్టు పైభాగము బిగించిన పొరవలె నుండును. దీనినే తలతన్యత అందురు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నీటికిది సెంటీమీటరుకు సుమారు 73 డైనులు. సర్ఫాక్టెంటు అను పదార్థపు అణువునకు ఒక కొన నీటిని కోరును, రెండవ కొన నూనెను, మైనమును కోరును. ఇట్టి అణువులు నీటి ఉపరితలమున చేరినప్పుడు తలతన్యత 30 డైనుల ప్రాంతమునకు దిగును. బొట్టు ఆకుమీద చదునుగా పరచుకొనును. ఇది మన ఇండ్లకు క్రొత్త కాదు. కుంకుడురసములోని సపోనినులు చేయు పని ఇదియే.

అయితే ఆకు తడిసినంతమాత్రమున మందు లోనికి పోయినదని తలంపరాదు. ఆకుపై అవభాసిని యను మైనపు పొర కలదు. గ్లైఫోసేటు నీటిలో కరగునది. మైనము నీటిని త్రోయునది. ఈ రెంటికి సంధి కుదుర్చుటయే సర్ఫాక్టెంటు అసలు పని. కొన్ని సర్ఫాక్టెంట్లు తామే పొరలోనికి చొచ్చి దారిని సడలించును. కొన్ని బొట్టును త్వరగా ఎండనీయవు. ఎండి గడ్డకట్టిన మందు లోనికి పోజాలదు. పత్రరంధ్రములగుండ మందు దూరునని పలువురి నమ్మకము. సాధారణముగ అట్లు జరుగదు. తలతన్యతను 20 డైనుల చేరువకు దింపు సిలికాను జాతి పదార్థములతో మాత్రము అది సాధ్యము.

అట్లని ఎక్కువ కలిపినచో ఎక్కువ మేలు కలుగదు. ద్రావణము ఆకునుండి కారి మట్టిపాలగును. లేదా ఆకు కణములే మాడిపోవును. ఇది చూచుటకు విజయమువలె తోచును గాని, మాడిన ఆకు చక్కెరను క్రిందికి పంపలేదు. ఆ చక్కెరతోపాటు పయనింపవలసిన మందు గడ్డను చేరదు. పది దినములకు తుంగ మరల మొలచును! పైరులో చల్లు ఇతర మందుల విషయమున మరియొక చిక్కు కలదు. ఉల్లిమడిలో కొన్ని మందులు ఉల్లిని విడిచి కలుపును మాత్రమే చంపుటకు ఉల్లికాడమీది బూడిదపూత ఒక కారణము. సబ్బు కలిపినచో ఆ కవచమే పోవును.

సర్ఫాక్టెంటు నిరపాయమనియు అనుకొనరాదు. టాలో అమీను జాతి సర్ఫాక్టెంటు చేపలకు, కప్పలకు గ్లైఫోసేటుకంటె హెచ్చు హానికరమని పరీక్షలలో తేలినది. 2016లో యూరోపియను యూనియను దానిని గ్లైఫోసేటు మందులలో నిషేధించినది. మన కేంద్రప్రభుత్వము 2022లో గ్లైఫోసేటు వాడకమును తెగుళ్ల నివారణ నిర్వాహకులకే పరిమితము చేయుచు ఉత్తర్వు వెలువరించినది.

కావున, ఆర్యా, సబ్బు వలదు. పెక్కు డబ్బాలలో సర్ఫాక్టెంటు ముందే కలిసియుండును, చీటిని చదివించుకొనుడు. మీ బావినీటిలో సబ్బు నురుగు రాదా? అట్లయిన అది కఠినజలము. అందలి కాల్షియము సబ్బును తెట్టుగా మార్చును, గ్లైఫోసేటును సైతము పట్టి బంధించును. ఈసారి చల్లువారు వచ్చినప్పుడు, మందు కంటె ముందు వారు ఏ నీరు పోయుచున్నారో అడుగుడు.