నక్షత్రము కట్టిన చేతులు
(యౌవనస్థుల తల్లిదండ్రుల కూడికలో చేసిన ప్రసంగము)



మొదట నా తప్పు ఒకటి ఒప్పుకొనెదను. నేను జగిత్యాలలో పరిచర్య చేయు దినములలో, క్రిస్మస్‌కు వెదురు బద్దలతో నక్షత్రములు కట్టుటలో సంఘములోని ఒక అమ్మాయికి సాటి లేదు. ఆమె పదవ తరగతికి వచ్చిన యేడు తల్లి వచ్చి, "అయ్యగారూ, ఈ యేడు చుక్కలు గిక్కలు వద్దని మీరన్న చెప్పుండ్రి, లెక్కలల్ల ఎనుకబడ్డది" అన్నది. నేను చెప్పితిని. పిల్ల మానుకొన్నది. లెక్కలు బాగుపడలేదు, ఆమె మరల వెదురు ముట్టలేదు.

తరువాత ఒకనాడు ఆమె కట్టిన పాత నక్షత్రమును అటక మీదనుండి దించి చూచితిని. అయిదు సమానమైన బద్దలు. ఒక్కొక్క కొసకు 36 డిగ్రీల కోణము, అయిదు కొసలు కలిపి 180. లెక్కల పుస్తకము ఆ పిల్ల చేతిలోనే ఉండెను, చూపించువాడే లేకపోయెను. జగిత్యాల కోటయు నక్షత్రాకారమే గదా! అది అందము కొరకు కాదు. ముందుకు పొడుచుకొనిన మూలలో నిలిచిన కాపలావానికి ప్రక్క గోడ పాదమువరకు కనబడును, శత్రువు దాగుటకు చాటుండదు. అట్టి కోట ఉన్న ఊరిలో మన పిల్లలు రేఖాగణితమునకు భయపడుచున్నారు.

నిర్గమకాండములో దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపి చేతిపని నైపుణ్యమిచ్చిన సంగతి మనకు తెలియును. అయితే 35వ అధ్యాయము చివర ఉన్నదానిని చదివి దాటిపోవుదుము. అతనికిని అహోలీయాబునకును ఇతరులకు నేర్పు బుద్ధిని కూడ దేవుడే ఇచ్చెను. అక్కడి పనివారిలో నేతగాడును ఉన్నాడు.

నేత అనగానే సిరిసిల్ల. అక్కడ కంప్యూటరు కోర్సులో చేరిన ఒక యౌవనస్థుడు నాతో, "మా నాయన సాంచాల మీద పనిచేస్తడు, ఆయనకు ఇవన్ని తెల్వయి" అన్నాడు. అతనికి జకార్డ్ సంగతి చెప్పితిని. 1804లో ఫ్రాన్సు దేశపు లియోన్ పట్టణమున జోసెఫ్ మేరీ జకార్డ్ అనువాడు రంధ్రములు గల అట్టలతో నడచు మగ్గమును చేసెను. రంధ్రమున్నచోట కొక్కెము లేచి పడుగు నూలును పైకెత్తును. లేనిచోట నూలు క్రిందనే ఉండును. ఆ సందులోనుండి పేక దాటును. పువ్వైనను నెమలియైనను అట్టకు తెలిసినవి రెండే మాటలు: ఉన్నది, లేదు. 1830ల్లో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ఆ అట్టలనే తన గణనయంత్రపు నమూనాలోనికి తెచ్చుకొనెను. యంత్రము పూర్తికాలేదు గాని, 1843లో ఏడా లవ్‌లేస్ అను స్త్రీ దానిని జకార్డ్ మగ్గముతోనే పోల్చి వ్రాసెను. నేటి కంప్యూటరులోని 1, 0 అన్నవి ఆ రెండు మాటలే. ఆ కుర్రవాడు చాలసేపు ఏమియు అనలేదు.

2022లో సిరిసిల్ల నేతకారుడు వెల్ది హరిప్రసాద్ గారు జీ-20 గుర్తును చేమగ్గముపై నేసినప్పుడు ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగములో ఆయనను గూర్చి చెప్పిరి. నూలులో వంపు గీత ఉండదు. చిన్న మెట్లుగా, పోగులు లెక్కించి తేవలెను. మన పిల్లలు గ్రాఫ్ కాగితముపై చేయునది అదే.

కోరుట్ల ప్రాంతములో పసుపు పండించు ఇండ్లు ఎన్నో. పసుపు పూసిన కాగితముపై పిల్లవానిచేత సున్నపు తేటతో బొమ్మ వేయించుడి, ఎర్రగా లేచును. నిమ్మరసము చుక్క వేసినచోట మరల పచ్చబడును. ఆమ్లము, క్షారము అన్న పాఠమును ఆ పిల్లవాడు ఇక మరువడు. డప్పును మంట దగ్గర కాచుదురు; తోలులోని తడి ఆరి, బిగిసి, స్వరము హెచ్చును. అదియు పాఠమే. (డప్పును గుడిలోనికి రానీయని సంఘములను నేనెరుగుదును. ఆ సంగతి మరొకనాడు మాట్లాడవలసినది.)

కళలతో కలిపి పాఠములు చెప్పవలెనని 2020 జాతీయ విద్యా విధానము కూడ చెప్పినది. బడులు చేయువరకు మనము కూర్చుండనక్కరలేదు. ఈ మే నెల వి.బి.యస్.లో ఒక పూట నేతపని చేయు తండ్రిని ముందు కుర్చీలో కూర్చుండబెట్టి, పిల్లలచేత ప్రశ్నలు అడిగించుడి. మగ్గము తేలేకపోయినను, అట్ట ఒకటి తెప్పించవచ్చును. వెదురు బద్దలు నేను తెచ్చెదను.