పెండిల్ హిల్ నుంచి తెనాలికి ఒక సొరంగం



పెండిల్ హిల్ స్టేషన్ పక్కన మన సరుకుల కొట్టుకి వెళ్తే చాలు, ఎవరో ఒకరు పట్టుకుని అడుగుతారు: "అన్నా, మా టీవీ పెట్టెకి వీపీఎన్ పెట్టిపెట్టవా?" నేను కంప్యూటర్ల ఉద్యోగం చేస్తానని అందరికీ తెలుసు కదా, తప్పించుకోలేను. "ఎందుకండీ?" అని అడిగితే సగం మంది దగ్గర జవాబుండదు. అందుకే ఇవాళ ఈ పది నిమిషాలూ దీని గురించే మాట్లాడదామనుకున్నాను. ముందు మా ఇంటి సంగతి చెప్తాను.

మా నాన్నగారు 2019లో పోయారు. అమ్మ తెనాలిలో ఉంటుంది. అక్క పెళ్ళి, గృహప్రవేశం, నాన్నగారు బడిలో రిటైరైన రోజు... అన్నీ పాత వీడియో కేసెట్లు. నేను వాటిని ఇక్కడికి తెచ్చుకుని, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. అమ్మకి అవి చూడాలని. కళ్ళకి ఆపరేషన్ అయింది, ఫోనులో చూడలేదు, టీవీలోనే కావాలి. పెన్‌డ్రైవ్ పంపొచ్చు కదా అంటారేమో. పంపాను. కానీ కొత్త కేసెట్ ఎక్కించిన ప్రతిసారీ ఇండియా వెళ్ళేవాళ్ళని వెతుక్కోవాలి. మనవడి కబుర్లు సరేసరి, వారం వారం కొత్తవే.

దాంతో ఇక్కడి మా డిస్కునే అమ్మ టీవీకి కలిపేద్దామనుకున్నాను. మొదట చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. రౌటర్లో ఒక పోర్టు బార్లా తెరిచి, పాస్‌వర్డ్ ఉందిలే అని ఊరుకున్నాను. మర్నాడు పొద్దున లాగ్ చూద్దును కదా, ముక్కూ మొహం తెలియని అడ్రసుల నుంచి వందలసార్లు తలుపు కొట్టారు! ఎవరూ లోపలికి రాలేదు కానీ, నాన్నగారి ఫోటోలున్న గది తలుపు వీధిలోకి తెరిచి పెట్టినట్టనిపించింది. వెంటనే మూసేశాను. వీపీఎన్ అవసరం నాకు అప్పుడు తెలిసొచ్చింది.

వీపీఎన్ అంటే ఇంటర్నెట్ అనే పెద్ద బజారు కిందుగా ఇద్దరి మధ్య తవ్వుకున్న సొరంగం. పైన నడిచేవాళ్ళకి సొరంగం ఉందని తెలుస్తుంది, లోపల ఏం వెళ్తోందో తెలియదు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి, నెలకింత అని డబ్బు కట్టి కొనుక్కునేది. దాని రెండో చివర ఆ కంపెనీ వాళ్ళ ఇంట్లో తేలుతుంది. రెండోది, రెండు చివరలూ మనిళ్ళలోనే ఉండేది. అందరూ అడిగేది మొదటిది. నాకు కావలసింది రెండోది.

మొదటి దాని గురించి ఒక్క మాట. అది మన గుట్టు దాచదు, కాపలావాడిని మారుస్తుంది, అంతే. ఇక్కడి చట్టం ప్రకారం 2015 అక్టోబరు నుంచి మన ఇంటర్నెట్ కంపెనీలు కనెక్షన్ల వివరాలు రెండేళ్ళు దాచాలి. ఇండియాలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల పేర్లూ చిరునామాలూ అయిదేళ్ళు దాచాలి. అది ఇష్టంలేక కొన్ని కంపెనీలు అక్కడి సర్వర్లు ఎత్తేశాయి కూడా. ఇక ఉచితంగా వచ్చే వాటి సంగతి! 2016లో ఇక్కడి సీఎస్ఐఆర్ఓ, న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ పరిశోధకులూ, అమెరికా వాళ్ళూ కలిసి 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లని పరీక్షించారు. 18 శాతం అసలు ఎన్‌క్రిప్షనే చెయ్యడం లేదు. 38 శాతంలో వైరస్ లాంటివేవో ఉన్న ఆనవాళ్ళు కనిపించాయి. ఉచితంగా వచ్చిన కాపలావాడు ఇంటి తాళాలే పట్టుకుపోయినట్టు!

"అన్ని ఛానళ్ళూ ఫ్రీ" అని అమ్మే పేరులేని పెట్టెలూ అంతే. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఇలాంటి వాటి గురించే హెచ్చరించింది. కొన్ని పెట్టెల్లో కొనకముందే దొంగ ప్రోగ్రాములుంటున్నాయట. దొంగ పెట్టెకి వీపీఎన్ తగిలిస్తే దొంగకి ముసుగు కప్పినట్టే. తెలుగు సినిమాలకి ఇప్పుడు ఇక్కడే చందా కట్టి చూసే దారులున్నాయి. కట్టి చూడండి.

ఇక మా సొరంగం ఎలా కట్టానో చెప్తాను. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

ఇక్కడ రౌటర్ పక్కన అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ ఒకటి ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. అందులో వైర్‌గార్డ్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టాను. ఉచితమే, కానీ దీని లోపలి రాత అంతా బయటపెట్టారు, ఎవరైనా చదివి తప్పులు పట్టొచ్చు. 2020 మార్చిలో లినక్స్‌లోనే కలిపేశారు. తెనాలిలో అలాంటిదే ఇంకో పెట్టె అమ్మ టీవీకి తగిలించాను. అందులో కోడి. 2014 దాకా ఎక్స్‌బీఎంసీ అనేవాళ్ళే, అదే ఇది.

ఒక్కో పెట్టెకీ రెండు తాళంచెవులు తయారవుతాయి. ఒకటి రహస్యం, ఆ పెట్టె దాటి పోకూడదు. రెండోది బహిరంగం, అవతలి పెట్టెకి ఇవ్వాలి. మన రౌటర్లో ఒక్క యూడీపీ పోర్టు తెరిస్తే చాలు, మామూలుగా 51820. సరైన తాళంచెవి లేకుండా తడితే వైర్‌గార్డ్ పలకనే పలకదు. అక్కడ ఇల్లున్నట్టే తెలియదు.

నేను తిన్న మొట్టికాయలు నాలుగు. మీరు తినకండి.

మొదటిది: కొన్ని కంపెనీలు చాలా ఇళ్ళకి కలిపి ఒకే అడ్రసు ఇస్తాయి. అప్పుడు బయటివాళ్ళు మన ఇల్లు పట్టుకోలేరు. ఫోన్ చేసి, పబ్లిక్ అడ్రసు కావాలని అడగండి.

రెండోది: ఇక్కడి రౌటరూ 192.168.1 తోనే మొదలు, అక్కడి రౌటరూ అదే. రెండు వీధులకీ ఒకటే డోర్ నెంబర్లయితే పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు? ఇక్కడి నెంబరు మార్చాను, కుదిరింది.

మూడోది: సొరంగంలోకి మా డిస్కు అడ్రసు ఒక్కటే పంపమని రాయాలి. "అంతా పంపు" అని రాశాననుకోండి, అమ్మ చూసే యూట్యూబ్ పురాణం కూడా సిడ్నీ చుట్టి తెనాలికి వెళ్ళాలి! మా ప్లానులో అప్‌లోడు 20 మెగాబిట్లే. కేసెట్ వీడియోకి 4 చాలు.

నాలుగోది నన్ను వారం రోజులు తిప్పలు పెట్టింది. తెనాలిలో కరెంటు పోయి వచ్చాక సొరంగం కలవడం లేదు. అమ్మ ఫోన్. "ఏరా, మీ నాన్న రావట్లేదురా." ఆ మాట ఆవిడ టీవీ గురించే అంది. నాకు మాత్రం గొంతు పట్టేసింది. చివరికి తేలిందేమిటంటే, ఆ పెట్టెలో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోతే టైము వెనకపడుతుంది. పాత టైముతో వచ్చిన కబురుని వైర్‌గార్డ్ నమ్మదు, ఎవరో పాత ఉత్తరం మళ్ళీ పంపారనుకుంటుంది. అందుకని ముందు ఇంటర్నెట్ నుంచి సరైన టైము తెచ్చుకుని, ఆ తర్వాతే సొరంగం తెరవమని రాశాను. మళ్ళీ ఇబ్బంది రాలేదు.

సొరంగం కాపాడేది దారినే, రెండు చివర్లనీ కాదు. పెట్టెలకి ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వెయ్యడం మన పనే.

పోయిన ఆదివారం నాన్నగారు రిటైరైన కేసెట్ ఎక్కించాను. అందులో దండ మెడలో ఉండగానే, "కాఫీలో పంచదార ఎక్కువేశావు" అని అమ్మని విసుక్కుంటారు. అమ్మ అది మూడుసార్లు చూసిందట. ఫోన్ చేసి, "ఇది ఇంకెవరికీ కనపడదు కదరా?" అంది.

"కనపడదమ్మా" అన్నాను. ఈసారి ధైర్యంగానే అన్నాను.